జేబులోని మడతచాకు: దాని మన్నికనుగూర్చి

ఈ నెల విత్తనములనుగూర్చిగాని, ఎరువులనుగూర్చిగాని వ్రాయక, మన జేబులలో నుండు చిన్న మడతచాకునుగూర్చి వ్రాయబూనితిమి. ఇదియొక విషయమా యని కొందఱు నవ్వవచ్చును. నస్రుల్లాబాదు ప్రాంతమున కోతయంత్రములు వచ్చినపిమ్మట వరిచేలలో కొడవలిపని తగ్గినమాట నిజమే. చాకుపని మాత్రము తగ్గలేదు సరికదా, పెరిగినది. యూరియా సంచిమూతి కుట్టు తెంపవలెనన్న చాకు, నారుకట్టల కట్లు విప్పవలెనన్న చాకు, నీటిగొట్టమును కోయవలెనన్న చాకు, కరెంటు నిలిపి మోటారుతీగపై తొడుగు నొలువవలెనన్న చాకు. పొలముగట్టున కూర్చుండి మామిడికాయ ముక్కలు చేసికొనుటకును అదే చాకు. దినమున కిరువదిమాఱులు చేతికి వచ్చు పనిముట్టిది. ఐనను నాగలికిని, ఇంజనుకును చేయు సంరక్షణలో నూఱవవంతైనను దీనికి మనము చేయము.

ఈ వ్యాసము వ్రాయుటకు వేఱొక కారణమును గలదు. చెప్పుకొనుట మాకు సిగ్గే యైనను చెప్పెదము. రెండేండ్లక్రిందట శ్రావణమాసపు ముసురులో, కొట్టమున కట్టియున్న లేగదూడ గుంజచుట్టు తిరిగి తిరిగి పలుపును మెడకు బిగించుకొనెను. మేము పరుగెత్తి చేరునప్పటికి కన్నులు తేలవేయుచుండెను. అది నైలాను పలుపు. ముడి తడిసి యినుపముద్దవలె నుండెను. జేబులో చాకున్నది. తీసితిమి. గోటితో అలుగును లాగితిమి. రాలేదు. కీలు తుప్పుతో కఱచుకొని పోయియుండెను. గోరు విఱిగినదిగాని చాకు విచ్చుకొనలేదు. ఇంటిలోనికి బోయి కొడవలి తెచ్చునంతలో దూడ ప్రాణము పోయెను. ఆ చాకు కొని పదునాఱు నెలలైనను కాలేదు. చేసినవాని తప్పు కొంత యుండవచ్చును. పదునాఱు నెలలలో ఒక్క చుక్క నూనెయైన వేయని మా తప్పు అంతకంటె పెద్దది.

ఆ తరువాత మేము తెలిసినవారి చాకుల నన్నిటిని అడిగి చూచితిమి. ఒక ముదుసలి సభ్యుని చాకు ముప్పదియేండ్లకు పైబడి ఆయన నడుమున నున్నది. ఆయన కుమారుడు రెండేండ్లలో నాలుగు కొని నాలుగును పాఱవైచెను. తండ్రి చాకు ఖరీదైనదేమో యనుకొంటిమి. కాదు, సంతలో కొన్న సామాన్యమైన చాకే. భేదమంతయు నెక్కడ నున్నదో విచారించి తెలిసికొన్నదానిని క్రింద వ్రాయుచున్నాము.

మడతచాకులో ముఖ్యమైన భాగములు నాలుగు: కోయునట్టి అలుగు, అలుగు తిరుగునట్టి కీలు, దానిని తెఱచినచోట తెఱచినట్లుగను మూసినచోట మూసినట్లుగను పట్టియుంచు వెన్నుస్ప్రింగు, ఈ మూటిని మోయు పిడి. కొనునప్పుడు మనమందఱమును అలుగు మెఱుపునే చూతుము. చాకు చచ్చునది సాధారణముగా అలుగునొద్ద గాదు, కీలునొద్ద. అయినను ముందుగా అలుగుమాటయే చెప్పుదము. ఏలన అందు మన ప్రాంతపు గొప్ప కథయొకటి యిమిడియున్నది.

ఇనుమునందు బొగ్గుపదార్థము, అనగా కార్బను, ఎంత కలిసినదను దానినిబట్టి దాని గుణము మాఱును. నూటికి పావుపాలుకంటె తక్కువ యున్నచో అది మెత్తని యినుము. ఎంత కాచి ఎంత చల్లార్చినను వాదర నిలువదు. అర మొదలు ఒకపాలువఱకు నున్నచో అది చాకులకు, కొడవళ్లకు తగిన ఉక్కు. అట్టి ఉక్కును ఎఱ్ఱగా కాచి నీటిలోగాని నూనెలోగాని ముంచినచో గాజువలె గట్టిపడును. కాని గాజువలెనే పెళుసగును. అందువలన కమ్మరి దానిని మరల కొంచెము కాచి ఆ పెళుసుదనమును తగ్గించును. ఈ రెండవ కాపులోనే విద్యయంతయు నున్నది. తోమి మెఱయించిన ఉక్కుపై రంగులు తేలును. సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి లేత గడ్డిరంగు, ఇంకను కాచినచో గోధుమరంగు, ఊదారంగు, సుమారు 300 డిగ్రీలకు నీలిరంగు. గడ్డిరంగునొద్ద ఆపిన అలుగు గట్టిది. నీలిరంగువఱకు పోయినది స్ప్రింగునకు బాగుండునుగాని వాదర త్వరగా మొద్దుబాఱును. ఈ రంగులమాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. దీనితో మరల పని కలదు.

ఇక మన కథ. 2016లో కామారెడ్డి జిల్లా యేర్పడువఱకు మనమును నిజామాబాదు జిల్లావారమే. ఆ జిల్లాలోని కోనసముద్రమను గ్రామమున, మట్టిమూసలలో ఇనుమును బొగ్గుపదార్థముతో కలిపి కరగించి ఉక్కుముద్దలు చేయు పరిశ్రమ పూర్వకాలమున వర్ధిల్లెను. భారతదేశపు త్రికోణమితి సర్వేలో పనిచేసిన హెన్రీ వాయ్సీ యను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము ఆయన చనిపోయినపిమ్మట 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. రెండు తావులనుండి తెచ్చిన రెండువిధముల ఇనుమును కలిపి మూసలో పెట్టుటయు, వచ్చిన ముద్దలకు మట్టిపూసి మరల మరల కాచి మెల్లగా చల్లార్చుటయు ఆయన వర్ణించెను. పారసీక దేశమందలి ఇస్ఫహానునుండి వర్తకులు ఈ ఉక్కుకొఱకు వచ్చి ఆ యూరిలో మకాముచేయుచుండిరి. డమాస్కసు కత్తులని లోకము మెచ్చుకొన్న కత్తులకు ఇట్టి ఉక్కే మూలము. 2010లో బెంగుళూరునందలి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఆంగ్లదేశపు ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణమున తిరిగి, పాత కొలుముల చిట్టెపుదిబ్బలను, మూసల పెంకులను గుర్తించి లెక్కవ్రాసిరి. మన దున్నకములలో నల్లని చిట్టెపురాళ్లు పైకి వచ్చిన చోట్ల, వానిని గట్టునకు విసరివేయకముందు ఒకసారి చేత పట్టి చూడవలయును.

కత్తులకథ అందఱు చెప్పుదురు, చాకుకథ ఎవ్వరును చెప్పరు. 1794 ప్రాంతమున డాక్టరు హెలీనసు స్కాటు అను ఆయన బొంబాయినుండి ఈ జాతి ఉక్కుముద్దలను లండనులోని రాయల్ సొసైటీ యధ్యక్షునికి పంపెను. జార్జి పియర్సను దానిని పరీక్షించి 1795లో ప్రకటించెను. ఆ పరీక్షలో భాగముగా జేమ్సు స్టోడార్టు అను కత్తులపనివాడు ఆ ముద్దలోనిది కొంత సాగగొట్టి చేసిన వస్తువు ఖడ్గము గాదు, కలముచెక్కు చిన్నచాకు! ఆ చాకు వాదరను చూచినపిమ్మట స్టోడార్టు తన యంగడి చీటీమీదనే ఈ ఉక్కు ఐరోపా ఉక్కులన్నిటికంటె మేలని అచ్చువేయించుకొనెను. తరువాత మైకేలు ఫారడే అంతటివాడు అతనితో కలిసి దీనిపై పరిశోధనలు చేసెను. వారు దీనిని ‘వుట్జు’ అనిరి. తెలుగునను కన్నడమునను నున్న ‘ఉక్కు’ అను మాటయే వారి నోట అట్లు మాఱినదని పండితుల యభిప్రాయము.

ఆ ఉక్కునందు కార్బను నూటికి ఒకటికి మించి ఒకటిన్నరకు అటునిటుగా నుండెడిది. అందుచేత వాదర చిరకాలము నిలుచును. కాని తెలియనివాడు హెచ్చుగా కాచి సమ్మెటతో కొట్టినచో ముక్కలగును. ఐరోపా కమ్మరులు చాలమంది దీనితో విసిగిపోయిన కారణమిదియే. ఇంతకును దీనినుండి మన జేబుచాకునకు నేర్చుకొనవలసిన దొకటి యున్నది. హెచ్చుగా గట్టిపడిన అలుగు ఎక్కువకాలము కోయును, కాని ప్రక్కవాటున మెలితిప్పినచో విఱుగును. చాకును తిరుగుడుమేకుల నూడదీయుటకును, డబ్బామూతల నెగదన్నుటకును వాడువారు దానిని చాకుగా వాడుటలేదు. దాని మొన విఱిగినచో తప్పు ఉక్కుది గాదు.

నేడు అంగళ్లలో దొరకు చాకులలో పెక్కు స్టెయిన్‌లెస్సువి. 1913లో ఆంగ్లదేశపు షెఫీల్డునగరమున హారీ బ్రియర్లీ తుపాకిగొట్టముల కొఱకు వెదకుచు క్రోమియము కలిసిన ఈ ఉక్కును కనిపెట్టెను. మొదట కత్తులవారు దానిని కోయని కత్తుల ఉక్కని వెక్కిరించిరి. ఆ వెక్కిరింతలో నేటికిని కొంత నిజమున్నది. నూటికి పదిన్నరపాళ్లకు తక్కువగాక క్రోమియమున్నచో తుప్పు పట్టుట చాలవఱకు తగ్గును. కాని కార్బను చాలినంత లేనియెడల వాదర నిలువదు. ‘స్టెయిన్‌లెస్’ అను ముద్రయొక్కటి చూచి కొనుట మోసపోవుటకు మార్గము.

అంగడిలో పరీక్ష యెట్లు? ఒక చిన్న అయస్కాంతమును తీసికొనిపొండు. అలుగునకు అది అంటుకొననిచో అది గిన్నెలు చేయు జాతి ఉక్కు, దానిని కాచి గట్టిపఱచుట సాధ్యము గాదు, కొనవలదు. అంటుకొన్నంతమాత్రమున మంచిదనియు కాదు. అంగడివాడు సమ్మతించినచో అలుగు మొదట, పిడిలోనికి పోవుచోట, ఒక సన్నని ఆకురాయితో మెల్లగా రాచి చూడుడు. ఆకురాయి జాఱిపోయినచో గట్టి అలుగు. కఱచి రజను రాల్చినచో మెత్తనిది. పిమ్మట చాకును తెఱచి, అలుగును బొటనవ్రేలితో ప్రక్కలకు అటునిటు నూపుడు. క్రొత్త చాకే కదలుచున్నచో ఆఱునెలలకు అది పండ్లూడిన నోరే. మూయునప్పుడు స్ప్రింగు టక్కుమని లాగుకొనవలయును. తెఱచిన అలుగునకును వెన్నుస్ప్రింగునకును మధ్య వెలుతురు కనబడరాదు. ఈ పరీక్షలకు అర నిమిషముకంటె పట్టదు.

సాధారణపు కార్బనుఉక్కు చాకును మేము తక్కువ చేయుటలేదు. నిమ్మకాయ కోసిన నల్లబడును, మామిడిజీడి తగిలిన మచ్చలు పడును, తడిగా మడిచిన తుప్పెక్కును. ఐనను సులభముగా నూఱుకొని చక్కని వాదర నిచ్చును. ఆ నల్లదనము చెఱుపు గాదు, ఎఱ్ఱని తుప్పే చెఱుపు. లారీ కమానుబద్దనుండి మన కమ్మరులు చేయు కొడవళ్లును కత్తులును ఈ జాతివే. ఫ్రాన్సుదేశమున సవోయి కొండలలో 1890లో జోసెఫు ఒపినెలు అను పనిముట్లకమ్మరి కొడుకు రైతులకొఱకు చేసిన చాకు ఇట్టిదే: అలుగు, కఱ్ఱపిడి, ఒక మేకు, ఒక లోహపు కట్టు, అంతే. 1955లో దానికి తెఱచిన అలుగు వ్రేలిపై మడచుకొనకుండ తిప్పి బిగించు ఉంగరమును చేర్చిరి. నేటికిని అది అమ్ముడుపోవుచున్నది. దానికొక్క దోషము కలదు: వానలో పిడి ఉబ్బి అలుగును పట్టివేయును. కఱ్ఱపిడి చాకున్న మనవారందఱికిని ఈ యనుభవమే. దానికి అవిసెనూనెను పిడికి మాత్రము పలుమాఱులు పలుచగా పూసి ఆఱనీయవలయును. అవిసెనూనె గాలికి గట్టిపడి తడిని లోపలికి పోనీయదు.

ఆ కారణముచేతనే అవిసెనూనెను కీలులో వేయరాదు. ఇది చాలమంది చేయు పొరపాటు. ఇంటిలో చేతికందిన కుసుమనూనెయో, నువ్వులనూనెయో వేయుదురు. కొన్నాళ్లకు అది జిగురై, ధూళిని పట్టుకొని, కీలును మునుపటికంటె చెడగొట్టును. కొబ్బరినూనె జిగురుగాదు కాని చలికాలపు ఉదయమున పేరుకొనును. ఆముదము గట్టిపడదు, చిక్కనగుటచే మెల్లగా లోపలికి దిగును. అన్నిటికంటె కుట్టుమిషను నూనె మంచిది. చిన్నసీసా యేండ్లతరబడి వచ్చును. వేయు పద్ధతియు చెప్పెదము. ముందు చాకును తెఱచి, వేడినీటిలో సబ్బు కలిపి, పాత పండ్లకుంచెతో కీలును పిడిలోపలి సందును తోమవలయును. పూర్తిగా ఆఱిన తరువాతనే కీలునకిరుప్రక్కల చెఱియొక చుక్కవేసి, పదిమాఱులు తెఱచి మూసి, మిగిలినదానిని తుడిచివేయవలయును. తోమక వేసిన నూనె లోపలనున్న ఇసుకతో కలిసి సానముద్ద యగును. తెఱచినపుడెల్ల మేకును అరగదీయును.

ఆ ముదుసలి సభ్యుని రహస్యమంతయు నిదియే. అమావాస్యకు సేద్యము నిలుపునాడు ఆయన చాకు కడిగి నూనెవేయును. సంవత్సరమునకు పండ్రెండుమాఱులు, ముప్పదియేండ్లు.

ఎరువుల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పొటాషు ఎరువునందు క్లోరైడుండును, అది ఉప్పువంటిదే. పొటాషు సంచి కోసి చాకును తుడువక మడిచినచో, స్టెయిన్‌లెస్సు అలుగునకైనను సూదిపోట్లవంటి గుంటలు పడును. ఆ గుంటలు పైకి చిన్నవే గాని లోపలికి తొలుచుకొని పోవును. శరీరపు చెమటయు ఉప్పే. కాబట్టి వేసవిలో నడుమున దోపుకొన్న చాకును రాత్రి తీసి తుడుచుట మంచిది. ఎరువు కోసినపిమ్మట కాలువనీటిలో ఒకసారి జాడించి, కండువాతో తుడిచి, కొంతసేపు తెఱచియుంచి, పిదప మడువవలయును.

ఇక నూఱుట. మన పనిలో వాదర త్వరగా పోవుటకు ఒక కారణము వరిగడ్డియే. వరిగడ్డిలోను ఊకలోను ఇసుకజాతి పదార్థము హెచ్చుగా నుండును. గడ్డి కోయుచున్నప్పుడు చాకు సన్నని ఇసుకను కోయుచున్నట్లే. కావున నూఱక తప్పదు. కాని నూఱుటయే చాకు ఆయువును తినును. లెక్క చూడుడు. నెలకొకసారి నూఱినప్పుడెల్ల వాదరనుండి మిల్లీమీటరులో పదవవంతు పోయినచో, సంవత్సరమునకు మిల్లీమీటరుకు పైగా, పదియేండ్లకు పండ్రెండు మిల్లీమీటర్లు పోవును. జేబుచాకు అలుగు వెడల్పే సుమారుగా అంత. అనగా చాకు లేదు. అదే చేతిరాతిపై మెల్లగా నూఱి ఏబదవవంతు మాత్రమే పోనిచ్చినచో, పదియేండ్లకు రెండున్నర మిల్లీమీటర్లయినను పోవు.

సంతలో విద్యుత్తుతో తిరుగు సానచక్రముకడ ఇచ్చువారు రెండు నష్టములు పొందుదురు. ఒకటి, పై లెక్క. రెండవది, రంగులమాట. నిప్పురవ్వలు రాలుచుండగా సన్నని వాదర క్షణములో మూడువందల డిగ్రీలు దాటును. అంచున నీలిరంగు తేలును. నీలిరంగు కనబడినదన్న ఆ మేరకు కమ్మరి పెట్టిన పదును పోయినట్లే. పైకి పదునుగానే తోచును, రెండునాళ్లలో మొద్దగును. మరల సానకు పోవుదుము. ఆ కుమారుని నాలుగు చాకులలో రెండింటి గతి యిదియే. మిగిలిన రెండింటిలో నొకదానిని ఆయన పొయ్యిలో కాచి ప్లాస్టికు గొట్టమునకు రంధ్రము చేసెను! గొట్టమునకు రంధ్రము పడినది, చాకు రేకుముక్క యైనది. రంధ్రములకు పాతమేకును కాచుకొనుడు. మామిడి అంట్లు కట్టువారు అలుగును శుద్ధిచేయుటకు మంటలో పెట్టవలదు. స్పిరిటుతో తుడిచినను, మరుగునీటిలో ముంచినను చాలును. నీరు నూఱు డిగ్రీలకే మరుగును గనుక పదునునకు హాని లేదు.

చేతిరాయిపై నూఱునప్పుడు వీపును ఎంత యెత్తవలయునను ప్రశ్న వచ్చును. ఇరువది డిగ్రీల వాలు మన పనులకు సరిపోవును. అంగుళము వెడల్పు అలుగునకు వీపును అంగుళములో మూడవవంతు, అరంగుళము అలుగునకు ఆఱవవంతు ఎత్తిన ఆ వాలు వచ్చును. రాతిని తడిపి, ఒకప్రక్క నూఱుచు పోగా, ఆవలిప్రక్క వాదరపొడవునను వ్రేలికి సన్నని గరుకు తగులును. అది తగులువఱకు ఆ ప్రక్కనే నూఱి, పిదప రెండవప్రక్కను అట్లే నూఱి, తుదకు చేతిబరువు తీసివేసి ప్రక్కకొక్క వరుసగా నాలుగైదుమాఱులు తేలికగా లాగవలయును. పాత తోలుపటకామీద వాదరను వెనుకకు లాగినచో మిగిలిన గరుకు పోవును. మంగలికత్తికి చేయు పని యిదే. వారమున కొకసారి తోలుపై లాగువానికి రాతితో పని మూడునెలల కొకసారియైనను రాదు.

కీలుమేకు వదులైనచో పాఱవేయవలసిన పనిలేదు. మేకు తలను దాగలిమీద నుంచి రెండవతలపై చిన్నసుత్తెతో చుట్టును తేలిక దెబ్బలు కొట్టిన బిగియును. ఒక్క పెద్దదెబ్బ కొట్టినచో పిడి పగులును, లేక అలుగు తిరుగకుండ పట్టును. బిగించునప్పుడు అలుగునకును పిడికిని మధ్య ఒక కాగితపుముక్క నుంచి, పని యైనపిమ్మట లాగివేయుట కమ్మరులు చేయు ఉపాయము. మేకు రంధ్రమే అరిగి కోడిగ్రుడ్డాకారమైనచో పాతమేకును తొలిచి, రంధ్రమును గుండ్రముగా పెద్దదిచేసి, కొంచెము లావుపాటి మేకును వేయింపవలయును. వెన్నుస్ప్రింగు విఱిగినచో మాత్రము చాకు పని ముగిసినదే. అట్టి చాకును పిల్లలకు ఆడుకొననీయవలదు, అది వ్రేళ్లపై మూసికొనును. బలముగా పొడుచు పనులున్నవారు తెఱచిన అలుగు తాళమువలె బిగియు చాకునే కొనవలయును.

పెద్దచాకు కొనదలచువారికొక మాట. 1959 నాటి ఆయుధముల చట్టముక్రింద ఏర్పడిన నియమములలో, అలుగు తొమ్మిదంగుళములకు మించి పొడవుగాని రెండంగుళములకు మించి వెడల్పుగాని యున్న కత్తులు ఆయుధములలో చేర్చబడినవి. ఇంటిపనికిని సేద్యపుపనికిని చేయబడినవానికి మినహాయింపు కలదు. మూడంగుళముల అలుగుతో కాని పని మన జేబుచాకున కేదియు రాదు. పండుగకో పెండ్లికో బస్తీకి పోవునప్పుడు దానిని ఇంటనే విడిచిపోవుట సుఖము.

మా చాకును మేము పాఱవేయలేదు. కిరసనాయిలులో రెండునాళ్లు నానవేసి, తుప్పు గోకి, మేకు మార్పించితిమి. ఇపుడది బొటనవ్రేలి గోటికే విచ్చుకొనుచున్నది. కొట్టములో గుంజకు పైన, చేతి యెత్తున, ఒక మేకునకు తోలుసంచిలో వ్రేలాడుచున్నది. జేబునకు వేఱొకటి కొంటిమి.